బొంత అతుకు, రోగి ఒళ్ళు



మంచం పట్టిన రోగుల కోసం మన స్త్రీల సమాజం వారు బొంతలు కుట్టి ఇస్తున్న సంగతి మీకు తెలిసినదే. ఒక్కొక్క అక్క తన ఇంటి దగ్గరే పాత నూలు చీరలు, పంచెలు నాలుగైదు పొరలు వేసి, ఒక చదరం ముక్క కుట్టి తెస్తారు. పెద్ద బొంత ముందేసుకుని కూర్చునే తీరిక అందరికీ ఉండదు. చిన్న చదరమైతే వంట పని అయ్యాక కూడా కుట్టుకోవచ్చు. ఆ చదరాలను కలపడం మా నర్సుల వంతు.

మొదట మేమే తప్పు చేశాము. రెండు చదరాలను ఎదురెదురుగా పెట్టి, మామూలు గుడ్డ కుట్టినట్టే మెషిన్ మీద కుట్టేశాము. పొరలన్నీ ఒకచోట చేరి అతుకు దగ్గర గట్టులా లేచింది. చూడటానికి బాగానే ఉంది. ఆ బొంత మీద పడుకున్న ఒక అవ్వను రాత్రి డ్యూటీ సిస్టర్ పక్కకు తిప్పినప్పుడు, తుంటి మీద గీత గీసినట్టు ఎర్రని చార కనిపించింది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోలేదు. పడక పుండుకు అది మొదటి గుర్తు. వెంటనే బొంత తీసేసి, ఆ పక్కన పడుకోనీయకుండా చూసుకున్నాము. నాలుగు రోజులకు చార మాసిపోయింది. దేవునికి స్తోత్రం. బొంత కుట్లు మాత్రం మరునాడే విప్పాము.

గట్టు లేకుండా కలిపే పద్ధతి

1. చదరాలన్నీ 15 అంగుళాలకు సమంగా కత్తిరించాలి. అడ్డం 3, నిలువు 5 పెడితే 45 అంగుళాల వెడల్పు, 75 అంగుళాల పొడవు వస్తుంది. ఆసుపత్రి మంచానికి చాలు.

2. పట్టీలకు కొత్త గుడ్డ అయితే ముందే తడిపి ఆరేయాలి. లేకపోతే ఉతికాక ముడుచుకుపోతుంది. పై పట్టీ వెడల్పు 1 అంగుళం. అడుగు పట్టీ 1¾ అంగుళాలు. దాన్ని నిలువునా సగానికి మడిచి ఇస్త్రీ చేయాలి.

3. మొదటి చదరం అంచుకు పైన పై పట్టీని బోర్లించి, అడుగున మడిచిన పట్టీ పెట్టి, పావు అంగుళం లోపలికి ఒకే కుట్టు వేయాలి. మడత లోపలి వైపు ఉండాలి.

4. పై పట్టీ రెండో అంచును రెండో చదరం పైవైపుకు అలాగే పావు అంగుళం లోపలికి కుట్టాలి. విప్పి పరిస్తే రెండు చదరాల అంచులు పట్టీ కింద ఒకదాని పక్కన ఒకటి ఆనుకుంటాయి, ఒకదానిపై ఒకటి ఎక్కవు. గట్టు రాకపోవడానికి కారణం ఇదే.

5. తిరగేసి, మడత పట్టీని అతుకు మీదికి లాగి చేత్తో హెమ్మింగ్ చేయాలి. ముడులు పట్టీ లోపలికి పోవాలి.

ముందు వరుసలు కలిపి, తర్వాత పొడవు పట్టీలతో వరుసలను ఇదే విధంగా కలపాలి. చివర నాలుగు అంచులకూ పట్టీ వేయాలి.

ఇంటి దగ్గర చూసుకునే వారికి

ఎంత మంచి బొంతైనా పుండు రాకుండా ఆపలేదు. కదలలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నడుము కింది భాగం, తుంటి, మడమలు రోజూ చూడాలి. నల్లని ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడండి. ఆ చోట మర్దన చేయకండి. బొంత తడిస్తే వెంటనే మార్చండి. గాలి పరుపు వాడుతుంటే దాని మీద బొంత వేయకండి, పరుపు వల్ల కలిగే మేలు తగ్గిపోతుంది. పలుచని దుప్పటి ఒక్కటే చాలు.

యొప్పేలో దొర్కా కుట్టిన వస్త్రాలను విధవరాండ్రు పేతురుకు చూపించి ఏడ్చారని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో చదువుతాము. మన అక్కలు చేస్తున్నదీ అటువంటి పనే. చదరం తెచ్చే ముందు ఒక్కసారి దాని మీద అరచేయి వేసి నిమిరి చూడండి. మీ చేతికి తగిలిన ముడి రోగి వీపుకూ తగులుతుంది.