ముదిమిలో మఱపు

హైదరాబాదు నగరమున మిక్కిలి రద్దీగల స్థలములలో అమీర్‌పేట కూడలి యొకటి. కంప్యూటరు విద్య నేర్వవచ్చిన యువకులును, మెట్రో రైలు దిగి పరుగులిడు ఉద్యోగులును అచ్చట ఒకరినొకరు ఒరసికొనుచు నడతురు. ఆ సందడిలో తోపుడుబండిపై జామపండ్లు అమ్ము ముదుసలిని గమనించినచో ఒక విశేషము కానవచ్చును. ఆమె ఒకరితో తెలుగులో ధర చెప్పును; ఆ మాట ముగియక మునుపే వేఱొకరితో దక్కనీ ఉర్దూలో బేరమాడును. ఆమెకు అక్షరజ్ఞానము లేదు. అయినను రెండు భాషల నడుమ ఆమె నాలుక తడబడదు. నగరములో నిత్యము కనబడు దృశ్యమే గనుక దీనినిగూర్చి ఎవ్వరును ఆలోచింపరు. అచ్చటికి కొద్ది దూరమున, పంజాగుట్టలోనున్న నిమ్స్ ఆసుపత్రి వైద్యులు మాత్రము ఆలోచించిరి. ముదిమిలో వచ్చు మఱపునకును, ఈ రెండు భాషల నేర్పునకును సంబంధమేమైన ఉన్నదా యని వారు పరిశోధించిరి.

వయసు పెరిగినకొలది జ్ఞాపకము కొంత మందగించుట సహజమే. కళ్ళద్దములు ఎచ్చట పెట్టినది మఱచుట రోగము కాదు. కళ్ళద్దములు ఎందుకో మఱచుట రోగము. కూరలో ఉప్పు రెండు మాఱులు వేయుట, నలువదేండ్లు నడిచిన వీథిలో త్రోవ తప్పుట, తాను దాచిన సొమ్మును కోడలు దొంగిలించెనని నిందించుట మున్నగునవి తఱచుగా జరుగుచున్నచో ఇంటివారు 'చాదస్తము' అని నవ్వుదురు, లేదా విసుగుకొందురు. వైద్యులు దానిని చిత్తవైకల్యము, అనగా డిమెన్షియా అందురు. మన దేశమున అఱువదేండ్లు నిండినవారిలో నూటికి ఏడుగురికి పైగా, మొత్తముమీద సుమారు 88 లక్షల మందికి, ఈ వ్యాధి యున్నదని 2023లో ప్రకటింపబడిన యొక అంచనా తెలుపుచున్నది. చాదస్తమను ఆ ఒక్క మాటవలన ఎందఱో వృద్ధులు వైద్యుని చూడవలసిన కాలమున చీవాట్లు తినుచున్నారు.

చిత్తవైకల్యమునకు కారణమగు వ్యాధులలో ఆల్జైమర్ వ్యాధి ప్రధానమైనది. 1906లో ఆలోయిస్ ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు, జ్ఞాపకశక్తిని కోల్పోయి మరణించిన యొక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించెను. నాడీకణముల నడుమ మడ్డివంటి పదార్థము పేరుకొని యుండెను. కణములలోపల సన్నని పోగులు చిక్కుపడి యుండెను. ఈ రెండింటిని లోకము చక్కగా గుర్తుంచుకొనెను. నాడీకణముల నంటియుండు సహాయకణములు కూడ మాఱిపోయినవని ఆయన వ్రాసిన మూడవ సంగతిని మాత్రము చిరకాలము ఎక్కువమంది పట్టించుకొనలేదు. వ్యాధి మఱపును గూర్చినదైనందుననో యేమో!

ఆ సంగతి తెలియుటకు ముందు ముల్లు గ్రుచ్చుకొన్న పాదమును చూడవలెను. ముల్లు దిగినచోట ఎఱ్ఱబడును, వేడెక్కును, వాచును, నొప్పి పుట్టును. ఈ నాలుగు లక్షణములను రోమను రచయిత సెల్సస్ సుమారు రెండువేల యేండ్లనాడే పేర్కొనెను. దీనికి శోథమని పేరు. ఇది శరీరము తన్ను తాను కాపాడుకొను ఉపాయము. రక్తములోని కణములు ఆ చోటికి పరుగెత్తి, లోపల చొచ్చిన సూక్ష్మజీవులను చంపి, చెడినదానిని తొలగించును. పని ముగియగానే శోథము చల్లాఱవలెను. చల్లాఱనిచో కాపాడవచ్చిన సేనయే పంటచేలను త్రొక్కివేసినట్లగును.

మెదడులో ఇట్టి కావలివాండ్రు మైక్రోగ్లియా అను కణములు. 1919లో స్పెయిను దేశపు శాస్త్రజ్ఞుడు రియో ఒర్తెగా వీనిని వేఱుపఱచి గుర్తించెను. పేరుకొన్న మడ్డిని ఇవి తినివేయ యత్నించును. కాని ఏండ్లు గడచినను ఆ పని తెమలనిచో, ఇవి విడుచు ఘాటైన రసాయనములు ప్రక్కనున్న మంచి నాడీకణములను, వాని కూడికలను సైతము చెఱచును. మైక్రోగ్లియా పనిని నడుపు ఒక జన్యువులో లోపమున్నవారికి ఆల్జైమర్ వ్యాధి వచ్చు అవకాశము హెచ్చని 2013లో తేలినది. కావున శోథము రోగమునకు ఫలము మాత్రమే కాదు, దానిని పెంచు కారణము కూడ కాగలదని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. మధుమేహము, స్థూలకాయము, పొగత్రాగుట శరీరములో సన్నని శోథమును ఏండ్లతరబడి నిలిపి యుంచును. ఇవి మూడును చిత్తవైకల్యపు అవకాశమును పెంచునవే.

మఱియొక సంగతి ఇంటిలో వృద్ధులున్నవారు ఎఱిగియుండవలెను. నిన్నటివఱకు తెలివిగా మాటలాడిన అవ్వ నేడు హఠాత్తుగా మనుష్యులను గుర్తింపక పొంతనలేని మాటలాడినచో, అది సంధి ప్రేలాపనవంటి స్థితి. మూత్రకోశమునకో ఊపిరితిత్తులకో సోకిన వ్యాధివలన పుట్టిన శోథము మెదడును కలచివేసి యుండవచ్చును. ముదుసలులలో ఒక్కొక్కప్పుడు జ్వరము కూడ పైకి కానరాదు. చికిత్స వెంటనే జరిగినచో పెక్కుమందికి తెలివి మఱలవచ్చును.

శోథమును తగ్గించు మాత్రలు మ్రింగిన చాలదా? ఆ ప్రయత్నమును జరిగినది. అట్టి మందులను వృద్ధులకిచ్చి పరీక్షింపగా మఱపు ఆగలేదు. కొన్నింటివలన గుండెకు కీడు కలుగునను భయమును కలిగెను.

మందులు నిలుపలేని వ్యాధిని నిత్యజీవితములోని దేదైన ఆలస్యము చేయగలదా? నిమ్స్ పరిశోధన ఈ ప్రశ్నకు సంబంధించినదే. కెనడాలోని టొరాంటో నగరమున రెండు భాషలవారికి ఈ వ్యాధి ఆలస్యముగా వచ్చుచున్నదని 2007లో తేలియుండెను. కాని అచ్చటి ద్విభాషులలో పెక్కుమంది పరదేశములనుండి వచ్చినవారు. ఆ ఫలము భాషదో, వలసదో చెప్పుట కష్టమయ్యెను. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. ఇచ్చట పుట్టి పెరిగినవారే రెండు మూడు భాషలు మాటలాడుదురు. డాక్టరు సువర్ణ అల్లాడియు, ఆమె సహచరులును చిత్తవైకల్యముతో వచ్చిన 648 మంది వివరములను పరిశీలించి, ఫలితములను 2013లో ప్రకటించిరి. వారిలో 391 మంది ద్విభాషులు. ఒకే భాష వచ్చినవారికి వ్యాధి సగటున 61.1 ఏండ్లకు మొదలుకాగా, ద్విభాషులకు 65.6 ఏండ్లకు మొదలయ్యెను. చదువే రానివారిలోను ఈ భేదము కనబడెను గనుక ఇది బడిచదువు చలవ యనుటకు వీలులేదు. మూడవ భాషవలన అదనపు లాభము మాత్రము కానరాలేదు.

భాష శోథమును ఆర్పునని దీని అర్థము కాదు. అమీర్‌పేటనుండి పంజాగుట్టకు పోవు పెద్దబాట మూసికొనిపోయినచో, ఆ బాట తప్ప మఱొకటి యెఱుగనివాడు అచ్చటనే నిలిచిపోవును. ఎల్లారెడ్డిగూడ, శ్రీనగర్ కాలనీల సందులు ఎఱిగినవాడు చుట్టు తిరిగియైనను గమ్యము చేరును. బాట చెడుట ఇరువురికిని సమానమే. సమయమునకు తగిన భాషను ఎన్నుకొని, రెండవదానిని అణచి యుంచు నిత్యాభ్యాసమువలన మెదడులో ఇట్టి చుట్టుబాటలు బలపడునని పరిశోధకుల ఊహ. పక్షవాతము వచ్చిన 608 మందిని నిమ్స్‌లోనే పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితములును దీనికి దగ్గఱగానే యున్నవి: తదుపరి బుద్ధి చెక్కుచెదరనివారు ద్విభాషులలో నూటికి నలుబదిమంది, ఏకభాషులలో ఇరువదిమంది.

ఆరోగ్యవంతులను ముందునుండి ఏండ్లతరబడి గమనించిన ఇతరదేశపు పరిశోధనలలో కొన్నింట ఇంత భేదము కనబడలేదు. అందుచేత ఈ చర్చ ముగియలేదు. ఏమైనను నాలుగున్నర యేండ్లు చిన్న కాలము కాదు. ఆ కాలములో మనుమరాలు ఎనిమిదవ తరగతినుండి కళాశాలకు చేరును. అవ్వ ఆమెను పేరుపెట్టి పిలుచుచునే యుండును.