ఉండేది నిజామాబాద్‌లో, జాగా వేల్పూర్‌లో.. ఇందిరమ్మ ఇల్లు వస్తుందా?

సొంతూరు వేల్పూర్. తాతల నాటి జాగా అక్కడే ఉంది. పని కోసం నిజామాబాద్‌లో కిరాయికి ఉంటున్నారు. మరి ఇందిరమ్మ ఇంటికి మీరు అర్హులేనా? చాలామందికి వస్తున్న సందేహమిది.

కిరాయికి ఉంటే అనర్హులా?
కాదు. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఈ పథకం మార్గదర్శకాల ప్రకారం అద్దె ఇంట్లో ఉన్నవారూ అర్హులే. అయితే దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి. సొంత జాగా గానీ, ప్రభుత్వమిచ్చిన స్థలం గానీ ఉండాలి. ఒంటరి మహిళలు, వితంతువులు, ఉమ్మడి కుటుంబంలో ఉంటున్న పెళ్లయినవారు కూడా అర్హులే.

మరి చిక్కు ఎక్కడ?
స్థానికత దగ్గర. ఏ ఊళ్లో ఇల్లు అడుగుతున్నారో ఆ ఊరి నివాసి అయి ఉండాలన్నది నిబంధన. రేషన్ కార్డు, ఆధార్ నిజామాబాద్ చిరునామాతో ఉంటే వేల్పూర్‌లో సర్వేకు వచ్చినవారు ప్రశ్నించవచ్చు. జాగా కాగితాలు దగ్గర పెట్టుకోండి. జాగా ఇంకా తాత పేరు మీదే ఉంటే ముందు ఆ సంగతి తేల్చుకోండి.

మీ పేరు ఏ జాబితాలో ఉంది?
జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్-1లో, రెండూ లేనివారు ఎల్-2లో, మిగతావారు ఎల్-3లో ఉంటారు. మీకు జాగా ఉన్నా ఎల్-2లో పడితే పంచాయతీ కార్యదర్శిని గానీ, ఎంపీడీవోను గానీ కలిసి రాతపూర్వకంగా సరిచేయమని అడగండి. రసీదు తీసుకోండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి.

డబ్బులు ఎలా వస్తాయి?
మొత్తం రూ.5 లక్షలు, నాలుగు విడతల్లో. బేస్‌మెంట్ పూర్తయితే రూ.లక్ష. ఆపై గోడలు లేచాక, శ్లాబ్ పడ్డాక, ఇల్లు పూర్తయ్యాక మిగతాది. ఇల్లు ఇంటి మహిళ పేరున మంజూరవుతుంది. విస్తీర్ణం 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. దాటితే బిల్లు ఆగుతుంది. మంజూరు పత్రం చేతికి రాకముందే పునాది తీయకండి.

డబుల్ బెడ్రూం ఇల్లు కిరాయికి ఇస్తామంటే?
తొందరపడకండి. ఆ ఇళ్లు వారసులకు దక్కుతాయే తప్ప అమ్ముకోవడానికి వీల్లేదు. కిరాయికి ఇవ్వడమూ నిబంధనలకు విరుద్ధమే. తనిఖీలో బయటపడితే ఖాళీ చేయాల్సింది మీరే. ఇచ్చిన అడ్వాన్స్ తిరిగి రాబట్టుకోవడమూ కష్టమే.