కాంటాక్ట్ లెన్స్ చీటీలో ఏముంటుంది?

కళ్లజోడుకు రాసిచ్చిన చీటీతోనే కాంటాక్ట్ లెన్సులు కూడా కొనుక్కోవచ్చని చాలామంది అనుకుంటారు. రెండింటిలోనూ ఉండేది పవరే కదా అన్నది వారి లెక్క. కానీ కళ్లద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల ఎడంగా ఉంటుంది. లెన్స్ మాత్రం నల్లగుడ్డు (కార్నియా) మీదే, కన్నీటి పొరలో తేలుతుంది. ఆ కాస్త ఎడం వల్లే పవర్ మారుతుంది. కళ్లజోడులో మైనస్ 6.00 వాడేవారికి లెన్స్‌లో సుమారు మైనస్ 5.50 చాలు. ప్లస్ పవర్‌కు ఇది తిరగబడి, 6.00 కాస్తా 6.50 దాకా పెరుగుతుంది. 4.00 లోపు పవర్లలో ఈ తేడాను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

చీటీలో ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. దూరం మసకబారేవారికి మైనస్, చత్వారం వచ్చి మల్టీఫోకల్ లెన్స్ వాడేవారికి అదనంగా యాడ్ అనే అంకె. ఇక్కడిదాకా చిక్కేమీ లేదు.

అసలు చిక్కు సిలిండర్ దగ్గర మొదలవుతుంది. నల్లగుడ్డు వంపు అన్ని దిశల్లో ఒకేలా లేనివారికి సిలిండర్ పవర్‌తోపాటు, అది ఏ కోణంలో ఉండాలో చెప్పే యాక్సిస్ కూడా రాస్తారు. కళ్లజోడు అద్దం ఫ్రేములో బిగిసి ఉంటుంది కాబట్టి కోణం తప్పదు. లెన్స్‌కు ఆ పట్టు లేదు, రెప్ప వేసినప్పుడల్లా తిరగవచ్చు. అందుకే సిలిండర్ ఉన్న ఈ టోరిక్ లెన్సుల మందాన్ని అన్నిచోట్లా ఒకేలా ఉంచకుండా, తిరగకుండా నిలిచేలా తయారుచేస్తారు. చాలావాటికి అంచున సన్నని గుర్తు కూడా ఉంటుంది. లెన్స్ పెట్టాక స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష పరికరంలో చూస్తే, ఆ గుర్తు ఉండాల్సిన చోటు నుంచి ఎంత పక్కకు ఒరిగిందో తెలుస్తుంది. పది డిగ్రీలు ఒరిగి ప్రతిసారీ అక్కడే ఆగుతుంటే, యాక్సిస్‌ను ఆ మేరకు సర్ది రాస్తారు. కళ్లజోడు చీటీలో 180, లెన్స్ చీటీలో 170 కనిపిస్తే రాతలో తప్పు జరిగిందని కంగారు పడనక్కర్లేదు.

మిగిలిన అంకెలు చూపుకు కాదు, కొలతకు సంబంధించినవి. బేస్ కర్వ్ అంటే లెన్స్ లోపలి వంపు. మెత్తని లెన్సుల్లో 8.4, 8.6 లాంటి అంకెలు ఎక్కువగా కనిపిస్తాయి, అంకె తగ్గేకొద్దీ వంపు పెరుగుతుంది. డయామీటర్ సుమారు 14 మిల్లీమీటర్లు. లెన్స్ బిగుతైతే దాని కింద కన్నీరు ఆడదు, వదులైతే రెప్ప వేసినప్పుడల్లా చూపు చెదురుతుంది. చీటీలో బ్రాండ్ పేరు రాసేదీ ఇందుకే. పదార్థం, అంచు, మందం వేరైతే రెండు కంపెనీల 8.6 లెన్సులు ఒకే కంటిమీద ఒకేలా కూర్చోవు. “అదే నంబరు, వేరే కంపెనీ” అని దుకాణంలో ఇస్తే తీసుకోకపోవడమే మంచిది.

అంకెలన్నీ కుదిరినా పరీక్ష పూర్తయినట్టు కాదు. కార్నియాలో రక్తనాళాలు ఉండవు, దానికి కావలసిన ఆక్సిజన్ ఎక్కువగా గాలి నుంచే అందుతుంది. లెన్స్ ఆ దారికి అడ్డుపడుతుంది. దానితోనే నిద్రపోతే రెప్పలు కూడా మూసుకుని ఆక్సిజన్ మరీ తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే అంచుల నుంచి సన్నని రక్తనాళాలు కార్నియాలోకి పాకుతాయి. నొప్పి ఉండదు, చూపూ వెంటనే తగ్గదు, కాబట్టి మనిషికి తెలియదు. స్లిట్ ల్యాంప్‌లో మాత్రం కనిపిస్తాయి. ఫ్లోరెసీన్ రంగు అంటించి నీలికాంతిలో చూస్తే కార్నియా మీది గీతలు, పుండ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చెదురుతోందో కూడా అప్పుడే లెక్కపెడతారు. పది సెకన్లలోపే చెదిరితే కళ్లు పొడిబారుతున్నాయేమోనని అనుమానిస్తారు. రెప్పలు తిప్పి చూడటమూ ఉంటుంది. మధుమేహం, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి రెటీనాను కూడా చూడాలి.

కుళాయి నీటితో లెన్స్ కడగడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఆ నీటిలో ఉండగల అకాంథమీబా అనే క్రిమి కార్నియాకు సోకితే తగ్గడానికి నెలలు పడుతుంది, చూపు పోయే ప్రమాదమూ ఉంది. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు భరించలేకపోతే వెంటనే లెన్స్ తీసేసి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తీసిన లెన్స్‌నూ డబ్బానూ పారేయకుండా వెంట తీసుకెళ్లాలి, ఏ క్రిమి సోకిందో వాటిలో దొరకవచ్చు.

అమెరికాలో చెల్లుబాటయ్యే ప్రిస్క్రిప్షన్ లేనిదే లెన్సులు అమ్మకూడదు. 2003లో చేసిన చట్టం ప్రకారం, లెన్స్ అమర్చడం పూర్తయ్యాక అడగకపోయినా చీటీ చేతికివ్వాలి. వైద్య కారణం ఉంటే తప్ప దాని గడువు ఏడాదికి తగ్గకూడదు. పెళ్లిళ్లకూ ఫొటోలకూ సరదాగా పెట్టుకునే రంగు లెన్సులకూ అక్కడ చీటీ కావాల్సిందే. అందులో పవర్ సున్నా ఉన్నా, బేస్ కర్వ్, డయామీటర్ రాయాల్సిందే.