కోడి కన్ను మూసుకుపోయిందా? ముందు మేత సంగతి చూడండి

మా పెరట్లో ఏడు నాటుకోళ్లున్నాయి. కోడి కన్ను వాచిందనగానే అందరూ నన్ను అడిగేది ఒకటే: 'ఏ చుక్కలు వేయాలి?' నేను మాత్రం ముందు దాని మెడ కింద మేత సంచి తడిమి చూస్తా. రెండు కళ్లూ మూసుకుపోతే గింజ కనబడదు, నీళ్లు కనబడవు. జబ్బు కన్నా ముందు ఆకలే చంపేస్తుంది.

అందుకే దాన్ని వేరే గంప కింద పెట్టి, ముక్కు కొసని నీళ్లకు తాకిస్తా. తడిపిన తవుడు చిన్న ఉండలు చేసి తినిపిస్తా.

తర్వాతే కన్ను. లీటరు నీళ్లు మరిగించి, 9 గ్రాముల ఉప్పు కలిపి, గోరువెచ్చగా అయ్యాక దూదితో పుసి మెత్తబడేదాకా తుడుస్తా. రోజుకు రెండు మూడుసార్లు. కంటికో కొత్త దూది. అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాల్సిందే.

ఇక కారణం వెతకండి. కంట్లో నురగ, ముక్కు కారడం, గురక ఉంటే శ్వాసకోశ జబ్బు కావచ్చు. తురాయి మీద, రెప్పల మీద పొక్కులుంటే మశూచి కావచ్చు. అది దోమలతో పాకే వైరస్, యాంటీబయాటిక్‌కి లొంగదు. పెచ్చులు గిల్లొద్దు, వాటిలోనూ వైరస్ ఉంటుంది. గూడు తెరవగానే మన కళ్లే మండితే అమ్మోనియా ఘాటు అన్నమాట, వెంటనే ఊక మార్చండి.

మనం వాడగా మిగిలిన ఐ డ్రాప్స్ అస్సలొద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంట్లో పుండు ముదురుతుంది. యాంటీబయాటిక్ పశువుల డాక్టర్ రాస్తేనే వాడండి, గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో కూడా అడగండి. రెండు రోజుల్లో తగ్గకపోతే 1962కి ఫోన్ చేయండి. కోళ్లు వరసగా చనిపోతుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.