కోరంటి లెక్క

నల్లకుంటలోని జ్వరాసుపత్రిని ఆ ప్రాంతపు వృద్ధులు నేటికిని కోరంటి దవాఖానా యని పిలుతురు. నారాయణగూడనుండి బర్కత్‌పుర మీదుగా పోయినచో అది నడచి పోదగిన దూరమే. ఆ పేరు విన్నవారు గోరంట పూలను తలచుకొందురు గాని, పూలకును దానికిని సంబంధము లేదు. క్వారంటైన్ అను పరభాషాపదము జనుల నాలుకపై నలిగి కోరంటి యైనది. ఆ పదము పుట్టినది ఇటలీ రేవులలో; నలువది దినములని దాని భావము. 14వ శతాబ్దమున ప్లేగు ఐరోపాఖండమును పీడించిన పిదప, ఏడ్రియాటిక్ తీరమందలి రగూసా పట్టణమువారు 1377లో ఒక శాసనము చేసిరి. తెగులున్న చోటులనుండి వచ్చినవారు 30 దినములు వెలుపల గడిపినగాని పట్టణములోనికి రాగూడదు. తరువాతి కాలమున ఆ గడువు 40 దినములైనది.

ఓడల కాలమున ఈ పద్ధతి సాగినది. వారములకొలది సముద్రముపై వచ్చినవానికి రోగమున్నచో తఱచుగా అది ఓడలోనే బయటపడుచుండెను. విమానము అట్లు కాదు. రోగము శరీరమున ప్రవేశించి దాని లక్షణములు కనబడులోపల మనుష్యుడు హైదరాబాదులో భోజనము చేసి అమెరికాలో ఫలహారము చేయగలడు. కావున 2020లో కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు ప్రభుత్వములు మొదట ద్వారములు మూసినవి. మన దేశమునకు అంతర్జాతీయ విమానముల రాకపోకలు ఆ సంవత్సరము మార్చిలో నిలిచిపోయి, 2022 మార్చి 27 నుండి మాత్రమే మామూలుగా నడచినవి. నడుమ కాలమున స్వదేశీయులను తెచ్చు ప్రత్యేక విమానములును, కొన్ని దేశములతో ఎయిర్ బబుల్ అను ఒడంబడిక చేసికొని నడపిన విమానములును తప్ప వేఱు దారి లేకుండెను. ద్వారము కొంచెము తెఱచిన చోటనెల్ల కావలివాడు ఒక కాగితమును అడుగసాగెను. ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్షలో వ్యాధి లేదని తేలినట్టి పత్రమది. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వీధులలో పిల్లలు విదేశములందున్న యిండ్లు పెక్కు కలవు. ఆ రోజులలో ఈ కాగితమును గూర్చిన చర్చ ఆ యిండ్ల వంటగదుల వఱకును వచ్చినది.

ఆ పరీక్ష యేమి చేయునో చూడుడు. ముక్కునుండియు గొంతునుండియు దూదిపుల్లతో నమూనా తీయుదురు. కోవిడ్ వైరస్‌లోని జన్యుపదార్థము ఆర్.ఎన్.ఎ. దానిని ముందుగా ఒక ఎంజైము సాయమున డి.ఎన్.ఎ.గా మార్తురు. పిమ్మట యంత్రమునందు వేడిచేయుచు చల్లార్చుచు దానిని ఇనుమడింపజేయుదురు. ఒక ఆవృత్తిలో ఒకటి రెండగును. రెండవ దానిలో నాలుగగును. 30 ఆవృత్తులైనపుడు ఎంతయగునో మీరే హెచ్చవేసి చూడుడు; నూఱు కోట్లు దాటును. అత్యల్పమైన పదార్థము సయితము ఇట్లు పట్టుబడును. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ 2020లో ఈ పరీక్షలు చేసిన ప్రయోగశాలలలో నొకటి.

ఇంత సూక్ష్మమైన పరీక్షకును రెండు లోపములు కలవు. రోగము నయమైన పిదపగూడ వైరస్ శకలములు వారములకొలది ముక్కులో మిగిలియుండవచ్చును. అపుడు ఆరోగ్యవంతుడును రోగిగా లెక్కకు వచ్చును. అందుచేతనే అమెరికా ప్రభుత్వము, 90 దినములలోపల వ్యాధి సోకి కోలుకొన్నవారు ఆ పరీక్షాఫలితమును వైద్యుని లేఖయును చూపిన చాలునని యొప్పుకొన్నది. రెండవ లోపము దీనికి విపరీతము. నేడు లేదని తేలిన వ్యాధి ఎల్లుండి బయటపడవచ్చును. కావున పత్రమునకు ఆయువు నిర్ణయింపవలసి వచ్చినది. పెక్కు దేశములు దానిని 72 గంటలుగా పెట్టినవి. ప్రయాణికుల కష్టములలో సగము ఈ అంకెనుండి పుట్టినవే.

72 గంటలు ఎప్పటినుండి ఎప్పటివఱకు? ఫలితము వచ్చిన వేళనుండి యని తలచినవారు మోసపోయిరి. నమూనా ఇచ్చిన వేళనుండియే లెక్క. ముగింపు ఎక్కడ యనునది అంతకన్న చిక్కు. 2021లో కెనడావారు, తమ దేశమునకు నేరుగా వచ్చు చివరి విమానము బయలుదేరు వేళను గ్రహించిరి. అమెరికావారు ప్రయాణమంతయు ఒకే టికెట్టుపై నుండి, నడుమ మజిలీ ఒక్కొక్కటి 24 గంటలు మించనిచో, మొదటి విమానపు వేళనే గ్రహించిరి. అంతేకాక వారు గంటలనక దినములనిరి. 2021 జనవరి 26 నుండి మూడు దినములు, అదే సంవత్సరము డిసెంబరు 6 నుండి ఒక దినము వారి నియమము. దినములనినచో గడియారముతో పనిలేదు, తేదీ చాలును. నా దృష్టిలో ఇదియే తెలివైన పద్ధతి.

ఒక లెక్క వేయుదము. 2021 మార్చి తొలివారమున అశోక్‌నగర్ విద్యార్థిని యొకతె టొరాంటోకు పోవలెననుకొనుడు. గురువారము రాత్రి 8 గంటలకు హైదరాబాదున విమానమెక్కి, ఢిల్లీలోను ఫ్రాంక్‌ఫర్ట్‌లోను మాఱవలెను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో టొరాంటో విమానము శుక్రవారము మధ్యాహ్నము 1 గంటకు కదలును. ఆమె మంగళవారము ఉదయము 10 గంటలకు నమూనా ఇచ్చినది. హైదరాబాదు విమానము వఱకు లెక్కించిన 58 గంటలే. ఆమె నిశ్చింతగా నుండును. కాని జర్మనీ గడియారము ఆ మాసమున మనకన్న నాలుగున్నర గంటలు వెనుక. అక్కడి ఒంటిగంట మనకు సాయంకాలము 5.30. అంతవఱకు లెక్కించినచో 79 గంటల 30 నిమిషములు. పత్రమునకు ఆయువు తీరినది. ఆమెను కెనడా విమానము ఎక్కనీయరు. మంగళవారము సాయంకాలము 5.30 దాటిన పిదప నమూనా ఇచ్చియున్నచో ఏ చిక్కును లేకుండెడిది. బీజగణితము కష్టమని మీలో కొందఱందురు. ఇది వట్టి తీసివేత మాత్రమే. అయినను పెద్ద చదువులు చదివినవారును ఇందు తడబడిరి.

రెండవ ప్రశ్న సరిహద్దును గూర్చినది. విమానాశ్రయమున దిగినంతమాత్రమున ఆ దేశమున ప్రవేశించినట్లు కాదు. పాస్‌పోర్టుపై ముద్రవేయు అధికారిని దాటకయే మఱియొక విమానమెక్కువారు కేవలము మజిలీవారు. వేఱువేఱు టికెట్లు కొన్నవారు తఱచుగా ఒక విమానముననుండి సామాను దింపుకొని మరల అప్పగింపవలసి వచ్చును. అందుకై బయటికి పోవలయును. పోయినంతనే ఆ దేశపు నియమములన్నియు వారికి తగులును. రెండువేల రూపాయలు కలిసివచ్చునని విడివిడిగా టికెట్లు కొన్నవారికి ఇట్లు రెట్టింపు చిక్కు వచ్చెను. ఈ భేదము కోవిడ్‌తో పుట్టినది కాదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండములందలి కొన్ని దేశములలో ఎల్లో ఫీవర్ అను దోమకాటు జ్వరము కలదు. టీకాపత్రము లేక ఆ ప్రదేశములనుండి మన దేశమునకు వచ్చినవారిని 6 దినముల వఱకు వేఱుగా నుంచు నియమము కలదు. ఆ వ్యాధిని మోయగల దోమ మనయొద్ద సమృద్ధిగా నున్నది గనుక ఈ జాగ్రత్త. అయితే అక్కడి విమానాశ్రయమున మజిలీచేసి, ఆవరణము దాటనివారిని ఆరోగ్యాధికారి సమ్మతితో మినహాయింపవచ్చును.

మజిలీయే తప్పనిసరి యైన సందర్భమును ఒకటి కలదు. 2021 ఏప్రిలు 22న కెనడా ప్రభుత్వము మన దేశమునుండి నేరుగా వచ్చు విమానములను ఆపినది. సెప్టెంబరు 26 వఱకు ఆ నిషేధము సాగినది. చుట్టుదారిన వచ్చువారు పరీక్షను భారతదేశమున కాక మూడవ దేశమున చేయించుకొనవలెను. కళాశాలలు సెప్టెంబరులో తెఱచును; ఆగిన సీటు పోవును. విద్యార్థులు సెర్బియా, మెక్సికో, మాల్దీవుల వంటి చోట్లకు పోయి, హోటలులో దిగి, అచ్చట నమూనా ఇచ్చి, ఫలితమునకై కనిపెట్టుకొని యుండిరి. అక్కడ వ్యాధి ఉన్నదని తేలినచో ముందుకు పోలేరు, వెంటనే వెనుకకును రాలేరు. ఆ వేసవిలో మనయొద్ద వ్యాధి భయంకరముగా నుండెను. కెనడావారి భయము అకారణమని యనలేము. కాని అప్పుచేసి పిల్లను పంపుచున్న తండ్రిపై మూడవ దేశపు ఖర్చును వేయుట న్యాయమని నాకు తోచదు. నిషేధము తీసిన పిదప, ఢిల్లీ విమానాశ్రయమునందే ఒక నిర్ణీత ప్రయోగశాలలో ప్రయాణమునకు 18 గంటలలోపల పరీక్ష చేయించుకొన్న చాలునన్నారు. ఆ యేర్పాటు ఏప్రిలులోనే చేయరాదా?

తిరిగివచ్చువారికిని తిప్పలు తప్పలేదు. ఒమిక్రాన్ అను క్రొత్త రూపము కనబడగా 2021 డిసెంబరు 1 నుండి, అపాయకరములని పేర్కొన్న దేశములనుండి వచ్చినవారందఱు శంషాబాదున దిగినంతనే నమూనా ఇచ్చి, ఫలితము వచ్చువఱకు అచ్చటనే యుండవలసి వచ్చెను. లేదని తేలినను 7 దినములు ఇంట ఒంటరిగా నుండి, 8వ దినమున మరల పరీక్ష. ఈ నియమము 2022 ఫిబ్రవరి 14 వఱకు నడచినది. చిట్టచివరి విచిత్రము 2023 జనవరిలో వచ్చినది. చైనా, హాంకాంగ్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూరు, థాయిలాండులనుండి వచ్చువారికి మరల పరీక్ష పెట్టి, ఆ చోట్ల మజిలీ మాత్రమే చేయువారిని సయితము అందు చేర్చిరి. ఆస్ట్రేలియానుండి సంక్రాంతికి వచ్చుచు సింగపూరులో రెండు గంటలు బల్లపై కూర్చున్నవాడును పత్రము చూపవలెను. ఫిబ్రవరి 13న అదియు పోయినది.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. నారాయణగూడ సంస్థలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకొని ఆఫ్రికాకు పోవువారు మాత్రము ఇంకను ఉన్నారు. వారి లెక్క సులభము: టీకా వేసిన పదియవ దినమునుండి పత్రము చెల్లును, 2016 జూలై 11 నుండి అది జీవితాంతము చెల్లునట్లు సవరించిరి.