వీడ్కోలు పాట... విశ్వవిజేత

సినిమాని విమర్శకులు ఉతికి ఆరేశారు. పాటల్ని మాత్రం జనం గుండెలకు హత్తుకున్నారు. 1992లో వచ్చిన 'ది బాడీగార్డ్' ఆల్బమ్ విట్నీ హ్యూస్టన్‌ని శిఖరం మీద కూర్చోబెట్టింది. ఆ శిఖరమే చివరికి ఆమెకు పరీక్షగానూ మారింది. ఇంతకీ ఆ పాట ఎవరిది? రాసినామెదా... పాడినామెదా?

డ్రమ్ము లేదు. గిటారు లేదు. కీబోర్డు అసలే లేదు. దాదాపు ముప్పావు నిమిషం పాటు ఒక్క గొంతు మాత్రమే వినిపిస్తుంది. వాద్యాలన్నీ ఆ తర్వాతే, ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. చివర్లో ఒక్క క్షణం నిశ్శబ్దం... ఒకే ఒక్క డ్రమ్ము దెబ్బ... అంతే! పాట శ్రుతి మెట్టు పైకెక్కి, గొంతు ఆకాశాన్ని అందుకుంటుంది.

'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'... ఇంగ్లిషు పాటలు పెద్దగా వినని ఇళ్లల్లో కూడా ఈ పల్లవి తెలియనివాళ్లు తక్కువే. అయితే ఈ పాటని విట్నీ కోసం ఎవరూ రాయలేదు. ఆ సినిమా కోసమూ రాయలేదు. నిజానికి ఆ సినిమాకి అనుకున్న పాట వేరే!

చేజారి దొరికింది

విట్నీది అమెరికాలోని నెవార్క్ పట్టణం. 1963లో పుట్టింది. తల్లి సిసీ హ్యూస్టన్ కూడా గాయనే. ఎల్విస్ ప్రెస్లీ వెనక నిలబడి కోరస్ పాడిన బృందంలో ఆమె ఉండేది. కూతురు చిన్నప్పుడు చర్చిలో పాడుతూ పెరిగింది. 1985లో మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లలో ఆమె పాటలు వరసగా ఏడు అమెరికాలో నంబర్ వన్ అయ్యాయి.

అలాంటి గాయనికి సినిమాలో కథానాయిక వేషం! హీరో కెవిన్ కాస్ట్‌నర్. ఓ పాప్ గాయని, ఆమె ప్రాణాలకు కాపలా కాసే బాడీగార్డ్... ఇదీ కథ. లారెన్స్ కాస్డన్ ఈ స్క్రిప్టుని 1970ల్లోనే రాశాడు. అప్పట్లో స్టీవ్ మెక్వీన్, డయానా రాస్‌లతో తీయాలనుకున్నారు గానీ కుదర్లేదు. మన భానుమతిలా తెర మీద కనిపిస్తూ తన పాటలు తనే పాడుకోగల తార దొరికేసరికి ఇన్నేళ్లు పట్టింది.

క్లైమాక్స్ కోసం 'వాట్ బికమ్స్ ఆఫ్ ద బ్రోకెన్‌హార్టెడ్' అనే పాత పాట ఎంచుకున్నారు. తీరా చూస్తే అదే పాట 1991లో వచ్చిన 'ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్' సినిమాలో వాడేశారు! ఇప్పుడెలా? కాస్ట్‌నర్ ఓ కంట్రీ పాటని ముందుకు తెచ్చాడు. డాలీ పార్టన్ రాసి పాడిన దాన్ని 1975లో లిండా రాన్‌స్టాట్ మళ్లీ పాడింది. సంగీత నిర్మాత డేవిడ్ ఫోస్టర్ లిండా రికార్డునే ముందు పెట్టుకుని పని మొదలుపెట్టాడు.

అక్కడ చిన్న చిక్కు. లిండా రికార్డులో చివరి చరణం లేదు. ఆ విషయం డాలీయే చెప్పిందని ఫోస్టర్ తర్వాత గుర్తు చేసుకున్నాడు. విడిపోతున్న మనిషికి అంతా మంచే జరగాలని కోరే చరణం అది. అది లేకపోతే పాటకి ప్రాణమే లేదు. వెంటనే దాన్ని చేర్చారు. ఇక వాద్యాలు లేకుండా మొదలుపెట్టాలన్నది కాస్ట్‌నర్ పట్టుదల. అలాగైతే రేడియోలవాళ్లు వేయరేమోనని కంపెనీ వాళ్లు జంకారు. ఆయన వినలేదు. ఆ పట్టుదలే గెలిచింది.

ముందు పాట... వెనక సినిమా

మనకి సినిమా కన్నా ముందు ఆడియో రావడం, పాటలు హిట్టయితే హాళ్లు నిండటం కొత్తేం కాదు. మన దగ్గర చాలాకాలం పాటల క్యాసెట్టంటే సినిమా క్యాసెట్టే. అమెరికాలో అలా కాదు. అక్కడ గాయకుల ఆల్బమ్‌లది ఓ దారి, సినిమాలది మరో దారి. రెండూ కలిసి ఈ స్థాయిలో దుమ్ము రేపడం అరుదు.

1992 నవంబరు 3న పాట విడుదలైంది. 17న ఆల్బమ్ వచ్చింది. 25న సినిమా. అప్పటికే పాట ఊరూవాడా మోగిపోతోంది. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో ఉంది. అప్పటికి అదే రికార్డు. బ్రిటన్‌లోనూ 10 వారాలు దానిదే పైచేయి.

ఆల్బమ్ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. మొత్తం 20 వారాలు మొదటి స్థానం! అమ్మకాల్ని షాపు కౌంటర్లో బార్‌కోడ్ ద్వారా లెక్కపెట్టే సౌండ్‌స్కాన్ పద్ధతి అమెరికాలో 1991లో మొదలైంది. అంతకుముందు షాపులవాళ్లు చెప్పిందే లెక్క. ఆ కొత్త పద్ధతిలో ఒక్క వారంలో పది లక్షలు దాటిన తొలి ఆల్బమ్ ఇదే. 1992 క్రిస్మస్ వారంలో జరిగింది ఈ అద్భుతం. ఇప్పటిదాకా ప్రపంచవ్యాప్తంగా నాలుగున్నర కోట్ల కాపీలు అమ్ముడయ్యాయని అంచనా. సినిమా పాటల ఆల్బమ్‌లలో దీన్ని మించి అమ్ముడైంది మరోటి లేదు.

తమాషా ఏమిటంటే, ఈ ఆల్బమ్‌లో విట్నీవి ఆరు పాటలే! మిగతావి జో కాకర్, లిసా స్టాన్స్‌ఫీల్డ్, ఆరన్ నెవిల్ లాంటివాళ్లు పాడారు. ఆ ఆరే ఆల్బమ్‌ని మోశాయి.

సినిమాకి ఏడు మొట్టికాయలు

సినిమా చూసిన విమర్శకులు మాత్రం పెదవి విరిచారు. నటన తేలిపోయిందన్నారు. అత్యంత చెత్త సినిమాలకిచ్చే రాజీ అవార్డులకు ఏకంగా ఏడు విభాగాల్లో నామినేట్ అయింది. అదృష్టం కొద్దీ ఒక్కటీ రాలేదు. జనం ఇవేమీ పట్టించుకోలేదు. ప్రపంచం మొత్తమ్మీద 41 కోట్ల డాలర్లు వసూలయ్యాయి.

ఆస్కార్‌కి 'ఐ హావ్ నథింగ్', 'రన్ టు యూ' పాటలు నామినేట్ అయ్యాయి. 'అలాద్దీన్' పాట చేతిలో రెండూ ఓడిపోయాయి. మరి అసలు పాట? అది సినిమా కోసం కొత్తగా రాసింది కాదు కాబట్టి పోటీకే పనికి రాలేదు. ఆ లోటు 1994 గ్రామీల్లో తీరింది. ఏడాది మేటి ఆల్బమ్, మేటి రికార్డు, మేటి పాప్ గాయని... మూడూ విట్నీవే.

ఈ గెలుపు వెనక ఓ పాత గాయం ఉంది. 1989లో నల్లజాతి సంగీతానికి పట్టం కట్టే సోల్ ట్రైన్ అవార్డుల వేడుకలో ఆమె పేరు చదవగానే కొందరు గేలి చేశారు. తెల్లవాళ్ల మెప్పు కోసం పాడుతుందన్నది వాళ్ల ఫిర్యాదు. 'బాడీగార్డ్'లో ఆమె ఏం చేసిందో చూడండి. ఓ తెల్లజాతి గాయని రాసిన కంట్రీ పాట తీసుకుంది. దాన్ని చిన్నప్పుడు చర్చిలో నేర్చిన గాస్పెల్ ఒరవడిలో పాడింది. పక్కనే 'జీసస్ లవ్స్ మీ' అనే భక్తిగీతం, చకా ఖాన్ 1978లో పాడిన 'ఐయామ్ ఎవ్రీ ఉమన్' కూడా పెట్టింది. ఎవరికీ జవాబు చెప్పలేదు. పాడి చూపించింది!

ఎల్విస్‌కే కాదంది

ఇక రాసినామె కథ. 1967 నుంచి పోర్టర్ వాగనర్ టీవీ షోలో పాడుతూ డాలీ పార్టన్ పేరు తెచ్చుకుంది. సొంతంగా ఎదగాలనుకుంది. ఆయన ఒప్పుకోడు. వాదించి లాభం లేదని 1973లో ఈ పాట రాసి ఆయన ముందు పాడింది. కాబట్టి ఇది ప్రియుడి కోసం రాసిన పాట కాదు. గురువులాంటి మనిషికి చెప్పిన వీడ్కోలు! పాట వినగానే ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడని డాలీ చాలాసార్లు చెప్పింది. 1974లో అది కంట్రీ పట్టికలో నంబర్ వన్. 1982లో ఓ సినిమా కోసం మళ్లీ పాడితే మళ్లీ నంబర్ వన్!

మధ్యలో ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడతానన్నాడు. అంతకన్నా ఏం కావాలి? కానీ ఆయన మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ ఓ షరతు పెట్టాడు. పాట హక్కుల్లో సగం రాసివ్వాలి. డాలీ కుదరదనేసింది. ఆ రాత్రంతా ఏడ్చానని తర్వాత చెప్పుకుంది. ఆ కన్నీళ్ల విలువ 1992లో తెలిసింది. ఎందుకంటే అమెరికా చట్టం ప్రకారం మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవాళ్లకి డబ్బులొస్తాయి, పాడినవాళ్లకి రావు. అంటే అక్కడి రేడియోల్లో విట్నీ గొంతు మోగిన ప్రతిసారీ డాలీకి ఆదాయం! ఆ సొమ్ముతో నాష్‌విల్‌లో నల్లజాతివారు ఎక్కువగా ఉండే ప్రాంతంలో ఓ వాణిజ్య సముదాయం కొన్నానని, అది విట్నీ కట్టిన ఇల్లని అనుకుంటానని 2021లో డాలీ చెప్పింది.

ఇది మనకి దూరపు ముచ్చటేం కాదు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వెళ్లినప్పుడు తెలుగిళ్లల్లోనూ ఇదే చర్చ. పాట ఎవరిది? రచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాని పూర్తిగా రాసిచ్చేసే పద్ధతికి మన దేశంలో అడ్డుకట్ట వేసింది 2012 నాటి కాపీరైట్ చట్ట సవరణే.

కొలబద్దగా మారిన పాట

డాలీకి ఆ పాట ఆస్తి అయింది. విట్నీకి మాత్రం కొలబద్ద అయింది. ఆ తర్వాత ఏ వేదికెక్కినా జనం ఎదురుచూసింది ఆ పాట కోసమే. ఆ ఒక్క డ్రమ్ము దెబ్బ తర్వాత గొంతు పైకి లేస్తుందా లేదా అన్నదే అందరి లెక్క. మత్తుమందుల అలవాటు ఆమె ఆరోగ్యాన్నీ, గొంతునీ దెబ్బతీసింది. 2010 ప్రపంచ పర్యటనలో ఆ స్థాయిని అందుకోలేక తడబడితే, ఆస్ట్రేలియాలో కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. పద్దెనిమిదేళ్ల కిందటి తన గొంతుతో తనే పోటీ పడాల్సిన పరిస్థితి... ఎవరు మాత్రం గెలుస్తారు?

2012 ఫిబ్రవరి 11న బెవర్లీ హిల్స్‌లోని ఓ హోటల్ గదిలో ఆమె చనిపోయింది. అప్పటికి 48 ఏళ్లే. ఆ వార్త వినగానే జనం మళ్లీ ఆ పాట కొనుక్కున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత అది బిల్‌బోర్డ్ పట్టికలో మూడో స్థానం దాకా వచ్చింది. 2020లో అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆ రికార్డుని భద్రపరచాల్సిన వాటి జాబితాలో చేర్చింది.

ప్రేమపాట అనుకుని దాన్ని పెళ్లిళ్లలో వేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2012 ఫిబ్రవరి 18న మాత్రం ఎవరూ అలా పొరబడలేదు. నెవార్క్‌లో ఆమె చిన్నప్పుడు పాడిన చర్చి నుంచే శవపేటికని బయటికి తీసుకొస్తుంటే ఆ పాట వినిపించారు. విట్నీ గొంతుతోనే... విట్నీకి వీడ్కోలు!