ఇండియా ప్రయాణానికి ముందు ఇంటి నీళ్ల సంగతి

స్కూళ్లకి సెలవులిచ్చిన దగ్గర్నుంచి ఆగస్టు దాకా టెక్సస్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లు ఎక్కువగా రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి, ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి కళకళలాడే ఇల్లు. రెండు, అందరూ ఇండియా వెళ్లగా నాలుగైదు వారాలు తాళం వేసి ఉండే ఇల్లు. మొదటిదాంట్లో గొట్టాలు పూడుకుంటాయి. రెండోదాంట్లో గొట్టం పగిలితే వాల్వు కట్టే మనిషే ఉండడు. నా లెక్కలో అసలు ప్రమాదం రెండోదే. అయితే రెండింటికీ జాగ్రత్తలు తేలికే.

నిండు ఇంట్లో

సింకు కింద డిస్పోజల్ తిండిని ముక్కలు చేస్తుందే కానీ మాయం చెయ్యదు. అన్నం, పప్పు నీళ్లలో ఉబ్బి గొట్టం మలుపులో ముద్దగా కూర్చుంటాయి. మునక్కాయ పిప్పి, కొబ్బరి పీచు, అరటి తొక్క లోపల చుట్టుకుంటాయి. కరిగిన నెయ్యి సులువుగా జారిపోతుంది గానీ కాస్త ముందుకెళ్లి గడ్డకడుతుంది. ఇవన్నీ చెత్తబుట్టకే పోవాలి.

డిస్పోజల్ మూలుగుతూ తిరగకపోతే లోపల చెయ్యి పెట్టొద్దు. స్విచ్చి, బ్రేకర్ రెండూ ఆపండి. చాలా రకాలకి అడుగున మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. అందులో పావంగుళం అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పితే ఇరుక్కున్నది వదులుతుంది. ఆ తరవాత అడుగునే ఉన్న ఎర్ర బటన్ నొక్కి చూడండి.

పెద్దవాళ్ల కోసం టాయిలెట్ పక్కన చేతి స్ప్రే పెట్టించుకున్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మీట వదిలితే నీళ్లు ఆగుతాయి, కానీ ట్యూబులో ప్రెషర్ అలాగే ఉంటుంది. ట్యాంకు దగ్గరున్న చిన్న వాల్వు కట్టకపోతే ఆ సన్నటి ట్యూబు రాత్రింబవళ్లు ఆ ప్రెషర్ మోస్తూ ఎప్పుడో ఒకప్పుడు పగలొచ్చు. వాడిన ప్రతిసారీ అది కట్టెయ్యాలని వచ్చినవాళ్లకి మొదటిరోజే చూపించండి.

ఏసీ నీళ్లు, నల్లమట్టి

ఏసీ గాలిలోని తేమని నీరుగా మార్చి ఒక సన్నటి పీవీసీ గొట్టం ద్వారా బయటికి పంపుతుంది. అందులో నాచు పేరుకుంటే, ఏసీ అటకమీద ఉన్న ఇళ్లలో నీళ్లు సీలింగులోంచి దిగుతాయి. చాలా ఇళ్లకి కిటికీ పైన రెండో గొట్టం కొస ఒకటి కనిపిస్తుంది. అక్కడ నీళ్లు కారుతుంటే మొదటిది పూడుకుందని అర్థం. నెలకోసారి అటకమీద గొట్టం మూత తీసి ఒక కప్పు తెల్ల వెనిగర్ పొయ్యండి. కింద పళ్లెంలో ఫ్లోట్ స్విచ్ పెట్టిస్తే నీళ్లు నిండగానే ఏసీ దానంతటదే ఆగిపోతుంది.

డాలస్ చుట్టుపక్కల చాలాచోట్ల ఉన్నది మన నల్లరేగడి లాంటి మట్టే. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి కుంచించుకుని బీటలు తీస్తుంది. దాంతోపాటు ఇంటి పునాది కదిలితే కింది గొట్టాలు దెబ్బతింటాయి. నేలమీద ఒకచోట ఊరికే వెచ్చగా ఉన్నా, ఎవరూ వాడనప్పుడు నీళ్ల చప్పుడు వినిపించినా ప్లంబర్‌ని పిలవండి.

తాళం వేసే ముందు

వాషింగ్ మెషీన్ ట్యూబు పగిలితే నిమిషానికి 5 గాలన్లు పోతాయనుకుందాం. రోజుకి 7,200 గాలన్లు, నాలుగు వారాలకి రెండు లక్షలు! అందుకే నేను చెప్పేది ఒక్కటే: మెయిన్ వాల్వు కట్టి వెళ్లండి.

ప్రయాణానికి వారం ముందే ఆ వాల్వు ఎక్కడుందో వెతికి, తిప్పి చూడండి. చాలా ఇళ్లలో మీటరు దగ్గర, నేలలో మూత ఉన్న పెట్టెలో ఉంటుంది. మీటరు రీడింగు రాసుకుని, రెండు గంటలు నీళ్లు వాడకుండా ఉండి మళ్లీ చూడండి. అంకె మారితే ఎక్కడో కారుతున్నట్టే. ముందు టాయిలెట్ ట్యాంకులో కొంచెం ఫుడ్ కలర్ వేసి పది నిమిషాలు ఆగండి. ఫ్లష్ చెయ్యకుండానే కింద రంగు కనిపిస్తే లోపలి రబ్బరు మూత మార్చాలి.

వెళ్లేరోజు మెయిన్ వాల్వు కట్టి, ఒక కుళాయి తిప్పి ప్రెషర్ వదిలెయ్యండి. గ్యాస్ వాటర్ హీటర్ని వెకేషన్ గుర్తుకి తిప్పండి, కరెంటుదైతే బ్రేకర్ ఆపండి. ఇంట్లో అగ్నిమాపక స్ప్రింక్లర్లు ఉంటే మాత్రం వాటికి నీళ్లు ఆగకుండా చూసుకోవాలి. తోట స్ప్రింక్లర్ల లైను మెయిన్ వాల్వుకి ముందుందో వెనకుందో కూడా చూడండి.

తాళంచెవి ఇచ్చిన స్నేహితుడికి వాల్వు ఎక్కడుందో చూపించి వెళ్తే, మీ ఊళ్లో మామిడిపళ్లు నిశ్చింతగా తినొచ్చు.